బి.టెక్ రెండో ఏడాదిలో ఉద్యోగం వచ్చింది: కళాశాల మానేయాలా?

మీరు రాసిన సంగతిని ముందుగా నాకు అర్థమైనంతలో చెబుతాను. ఎక్కడైనా పొరబడితే సరిదిద్దండి. మీరు గాజువాకలో ఉంటూ బి.టెక్ మెకానికల్ రెండో సంవత్సరం ముగించారు. నాలుగు సబ్జెక్టుల్లో తప్పారు. కాంట్రాక్టు పనిలో ఉన్న మీ నాన్నగారికి కొంతకాలంగా నెలలో సగం రోజులే పని దొరుకుతోంది. మీ అమ్మగారి గాజులు తాకట్టులో ఉన్నాయి. రుషికొండ వైపున్న ఒక కాల్‌సెంటర్ వారు నెలకు 18,000 రూపాయల జీతం మీద వచ్చే ఒకటో తేదీ నుంచి రమ్మన్నారు. చదువు మీద మనసు నిలవడం లేదని, ఎలాగూ మెకానికల్ వారికి ఉద్యోగాలు లేవని, అందుచేత కళాశాల మానేసి చేరిపోవడమే మంచిదేమోనని అడిగారు.

నేను పరవాడ, గాజువాక ప్రాంతపు కర్మాగారాల్లో 26 ఏళ్లపాటు సిబ్బంది నియామకాలు, ప్రమోషన్లు చూసే విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. మీ వయసు కుర్రాళ్ల దరఖాస్తులను వారు చేరే రోజున చూశాను. పది పన్నెండేళ్ల తరువాత ప్రమోషన్ల వేళ అవే ఫైళ్లను మళ్లీ విప్పి చూశాను. చేరే రోజున అందరి ఫైళ్లూ ఒక్కలాగే పల్చగా ఉంటాయి, తేడా తెలిసేది రెండోసారి విప్పినప్పుడే. అందుచేత నా అభిప్రాయాన్ని మొదటే చెబుతున్నాను: ఈ ఉద్యోగం కోసం ఈ చదువును మానవద్దు. ‘ఈ’ అన్న మాటను రెండుసార్లు కావాలనే వాడాను. చదువు మధ్యలో ఆపి పనిలో చేరడం ఎప్పుడూ తప్పేనని నేను అనుకోను. అలా ఆపి బాగుపడినవారిని నేనే స్వయంగా చేర్చుకున్నాను. వారు వదిలి వెళ్లిన తీరుకూ మీరు వెళ్లబోతున్న తీరుకూ ఉన్న తేడా ఏమిటో చెప్పడమే ఈ సమాధానం ఉద్దేశం.

మీ ప్రశ్నలో మూడు ఇబ్బందులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉన్నాయి. ఇంట్లో డబ్బు చాలడం లేదు, పరీక్షలు తప్పాయి, చదువంటే విసుగు పుట్టింది. మూడూ ఒకేసారి మీద పడ్డాయి కాబట్టి మూడింటికీ ఒకటే మందు ఉన్నట్టూ, ఆ మందు ఈ ఉద్యోగమే అయినట్టూ మీకు తోస్తోంది. చిక్కు విప్పి చూస్తే ఈ ఉద్యోగం మొదటిదాన్ని కొంతమేరకు తీరుస్తుంది, రెండోదాన్ని శాశ్వతం చేస్తుంది, మూడోదాన్ని కొన్ని నెలలు మరిపిస్తుంది.

డబ్బు సంగతి ముందు చూద్దాం. 18,000 అన్నది మీ చేతికి వచ్చే మొత్తమా, మీ మీద సంస్థకు అయ్యే మొత్తం ఖర్చా అని అడిగారా? ఆఫర్ లెటరులో సీటీసీ అని రాసి ఉంటే అది రెండోదే. మూలవేతనం 9,000 అనుకుందాం. యాజమాన్యం తన వంతుగా కట్టే పీఎఫ్ 12 శాతం, అంటే 1,080 రూపాయలు, ఈఎస్‌ఐకి కట్టే 3.25 శాతం, అంటే సుమారు 530 రూపాయలు, రెండూ ఆ 18,000లోనే కలిసి ఉంటాయి. అవి పోగా పే స్లిప్పు మీద కనిపించే వేతనం సుమారు 16,390. అందులోంచి మళ్లీ మీ వంతు పీఎఫ్ 1,080, ఈఎస్‌ఐ కింద 0.75 శాతం చొప్పున 123, వృత్తి పన్ను 150 తీసేస్తే బ్యాంకులో పడేది 15,000 చిల్లర. పీఎఫ్ ఎక్కడికీ పోదు, మీ పేరునే ఉంటుంది. ఈఎస్‌ఐ వల్ల మీ మీద ఆధారపడిన తల్లిదండ్రులకు వైద్యం దొరుకుతుంది, అది చిన్న మేలేమీ కాదు. అయినా ఇంటి కిరాణా పద్దు తీర్చడానికి పనికివచ్చేది ఆ 15,000 మాత్రమే. గాజువాక నుంచి రుషికొండకు పాతిక కిలోమీటర్ల పైమాటే. రాత్రి షిఫ్టుకు వాహనం పంపుతారో లేదో ఆఫర్ లెటరులో చూసుకోండి. లేకపోతే రానుపోను ఛార్జీలు, బయటి తిండి, టీ ఖర్చులు కలిసి నాలుగైదు వేలు అవుతాయి. ఇంటికి మిగిలేది పది వేలు.

పది వేలు తక్కువ మొత్తమని నేను అనడం లేదు. మీ ఇంటికి కావలసింది ఎంత అన్నదే అసలు ప్రశ్న, అది మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఒక సాయంత్రం అమ్మగారితో కూర్చుని ఒక తెల్లకాగితం మీద అద్దె, బియ్యం, గ్యాసు, కరెంటు, మందులు, చీటీ, వడ్డీ అన్నీ వరుసగా రాసి, నాన్నగారికి సగం రోజుల పని దొరికిన నెలలో వచ్చిన మొత్తాన్ని పక్కన వేయండి. నా దగ్గరికి అడ్వాన్సుల కోసం వచ్చినవారి చేత నేను ఇలాంటి కాగితాలు చాలా రాయించాను. ‘ఇల్లు గడవడం లేదండీ’ అన్న మాట కాగితం మీదికి వచ్చేసరికి చాలాసార్లు నెలకు ఆరు వేలో ఏడు వేలో తేలుతుంది. అంత తేడాను పూడ్చడానికి చదువు మానవలసిన పని లేదు. ఉక్కునగరం, కూర్మన్నపాలెం, శ్రీనగర్ ప్రాంతాల్లో ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు లెక్కలు, సైన్సు చెప్పే ఇంజనీరింగ్ విద్యార్థికి సాయంత్రం పూట నాలుగైదు ఇళ్లు దొరకడం కష్టం కాదు. గాజులు ప్రైవేటు తాకట్టు కొట్టులో ఉంటే వాటిని విడిపించి బ్యాంకు బంగారు రుణంలోకి మార్చండి. వడ్డీలో మిగిలేదే నెలనెలా కొంత ఊరట. మీకు ఫీజు రీయింబర్స్‌మెంటు వస్తోందని రాశారు. 2008లో మొదలైన ఈ పథకం ప్రభుత్వాలతో పాటు పేర్లు మార్చుకుంటూ వచ్చినా, కళాశాల ఫీజు మీ నాన్నగారి జేబులోంచి పోకుండా చూస్తూనే ఉంది. అంటే మీ చదువు ఇంటికి పెడుతున్న ఖర్చు పరీక్ష ఫీజు, బస్సు పాసు, కొన్ని పుస్తకాలు మాత్రమే. మీరు మానేస్తే మిగిలేదీ అంతే. హాజరు 75 శాతం కంటే తగ్గకుండా చూసుకోండి, ఆ పథకానికి అది ముఖ్యం.

అలా కాక ఆ కాగితం మీద తేడా పదిహేను వేలో ఇరవై వేలో వచ్చి, దానికి తోడు చేబదుళ్ల మీద నూటికి మూడు రూపాయల వడ్డీ నడుస్తూ, నాన్నగారి పని మళ్లీ పుంజుకునే సూచన లేకపోతే నా జవాబు మారుతుంది. ఆ సంగతికి తరువాత వస్తాను.

తప్పిన పరీక్షల విషయంలో మీరు అనవసరంగా ఎక్కువ భయపడుతున్నారని నాకు అనిపించింది. ‘నాలుగు పోయాయి, ఇక నావల్ల కాదు’ అని రాశారు. మీ నాలుగు సబ్జెక్టులు గణితం, థర్మోడైనమిక్స్, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్. మెకానికల్ విద్యార్థులు ఎక్కువగా తప్పేవి సరిగ్గా ఇవే. పాసైన ప్రతి సబ్జెక్టుకూ లెక్కలో కలిపే పాయింట్లే క్రెడిట్లు. ఒక్కొక్కటి మూడు క్రెడిట్లు అనుకుంటే మొత్తం పన్నెండు. రెండేళ్లలో మీరు సంపాదించవలసింది సుమారు 80. రెండో ఏడాది నుంచి మూడో ఏడాదికి వెళ్లడానికి సాంకేతిక విశ్వవిద్యాలయమైన జేఎన్‌టీయూ అడిగేది అందులో 40 శాతం. అంటే మీరు డిటెయిన్ అయ్యే, అంటే పై ఏడాదికి వెళ్లకుండా ఆగిపోయే అంచుకు చాలా దూరంలో ఉన్నారు. ఇక పాస్ కావడానికి కావలసినది, 70 మార్కుల చివరి పరీక్షలో 35 శాతం, ఇంటర్నల్ మార్కులతో కలిపి నూటికి 40. మీ ఇంటర్నల్ మార్కులు 18 దగ్గర ఉన్నాయని రాశారు కాబట్టి పరీక్షలో 25 వస్తే సబ్జెక్టు గట్టెక్కుతుంది. డెబ్బైకి పాతిక మార్కుల కోసం నాలుగేళ్ల డిగ్రీని వదులుకుంటానంటున్నారు. ఈ మాట కటువుగా ఉంటే మన్నించండి. నాలుగూ ఒకేసారి రాయనక్కరలేదు. సప్లిమెంటరీలో రెండింటికి గట్టిగా చదివి, మిగిలిన రెండింటిని తరువాతి విడతకు ఉంచుకోండి. నా అనుభవంలో స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్‌తో మొదలుపెట్టినవారికి ధైర్యం త్వరగా వచ్చింది, ఎందుకంటే అందులో షియర్ ఫోర్స్, బెండింగ్ మూమెంట్ చిత్రాలు చేతికి అలవాటైతే ఒక పెద్ద ప్రశ్న ఖాయమవుతుంది.

విసుగు గురించి తక్కువే చెబుతాను. మీకు విసుగు పుట్టింది యంత్రాల మీదనా, బోర్డు మీద రాసింది నోటుపుస్తకంలోకి దించుకునే తరగతి మీదనా? రెండూ ఒకటి కావు. ఈ సెలవుల్లో నెల రోజులు ఆటోనగర్‌లో ఏదైనా మెషిన్ షాపులో, ఇచ్చినంత తీసుకుని పనిచేయండి. లేత్ మీద షాఫ్టు తిరుగుతుంటే, మిస్త్రీ వెర్నియర్ పెట్టి చూసి ‘ఇంకో ఐదు పాయింట్లు తియ్యాలి’ అన్నప్పుడు మీకు ఆసక్తి కలిగితే మీ గొడవ మెకానికల్‌తో కాదు, కళాశాలతో. నెల తిరిగేసరికి ఆ షాపు వాసనే పడకపోతే అప్పుడు వేరే దారి చూద్దాం.

ఇప్పుడు ఆ ఉద్యోగం గురించి. నేను కాల్‌సెంటర్ పనిని చిన్నచూపు చూడడం లేదు. రాత్రంతా ఎవరెవరి కోపాలో చెవిలో వింటూ గొంతు మారకుండా జవాబు చెప్పడం అందరికీ చేతకాదు. కానీ ఏ ఉద్యోగంలో చేరబోయే కుర్రాడినైనా నేను ఒకే ప్రశ్న అడగమంటాను: ‘మొదటి ఏడాది నేను చేయలేని ఏ పనిని ఇక్కడ మూడో ఏడాది చేయగలుగుతాను?’ ఈ ప్రశ్నను ఇంటర్వ్యూ చేసిన వారినే అడగండి. వెల్డింగ్ షాపులో అడిగితే వెంటనే జవాబు వస్తుంది. మొదటి ఏడాది నేల మీద పరచిన ప్లేటుకు అతుకు వేస్తాడు, మూడో ఏడాది తల పైకెత్తి పైపుకు వేస్తాడు. వాయిస్ ప్రాసెస్‌లో, అంటే ఫోనులో జవాబు చెప్పే మీ పనిలో, మూడు వారాల శిక్షణ, ఆరు నెలల అలవాటు అయ్యాక పని దాదాపు అదే. తరువాతి మెట్టు టీం లీడరో క్వాలిటీ ఎనలిస్టో కావడం. ఆ మెట్టుకు డిగ్రీ అడుగుతారా అన్నది కూడా అక్కడే కనుక్కోండి. మిమ్మల్ని చేర్చుకోవడానికి ఇంటర్ చాలన్న సంస్థే మెట్టు ఎక్కించే రోజున డిగ్రీ అడగడం నాకు కొత్త కాదు. పైగా సులువైన ప్రశ్నలకు ఇప్పుడు యంత్రాలే జవాబిస్తున్నాయి. మీకు వచ్చే పని ఆ సులువైన ప్రశ్నలదే.

ఇక్కడ ఒక సంఘటన చెప్పాలి, దీన్ని గురించి నేను ఇప్పటికీ సమాధానపడలేదు. మా ప్లాంటులో ఒక ఫిట్టరు ఉండేవాడు. మీలాగే బి.టెక్ రెండో ఏడాది ముగించి, ఇంట్లో అవసరం పడి, కాంట్రాక్టరు కింద హెల్పరుగా చేరినవాడు. పంపు దగ్గరికి వెళ్లి, పొడవాటి స్క్రూడ్రైవరు మొనను బేరింగు హౌసింగు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. ‘ఇది ఇంకో వారం ఆగుతుంది, అదిగో అవతలిది ఈ రాత్రే పోతుంది’ అనేవాడు. పోయేది. వైబ్రేషన్ కొలిచే పరికరం వచ్చిన తరువాత కూడా ఇంజనీర్లు ముందు అతన్ని పిలిచి తరువాత పరికరం పెట్టేవారు. అతను చేరిన పదకొండో ఏట షిఫ్ట్ ఇన్‌ఛార్జి పోస్టు ఖాళీ అయింది. అర్హత దగ్గర ‘డిప్లొమా లేదా ఆపైన’ అని ఉంది. అతని ఫైలులో ఇంటర్ మెమో, రెండేళ్ల మార్కుల జాబితాలు మాత్రమే ఉన్నాయి. నేను పైవారికి రెండు నోట్లు రాశాను, రెండూ తిరిగి వచ్చాయి. ఆ పోస్టు, అతని దగ్గరే పని నేర్చుకున్న ఒక డిప్లొమా కుర్రాడికి వెళ్లింది. ఆ సాయంత్రం అతను నా గదికి వచ్చి కూర్చోకుండానే అడిగాడు: ‘మేడమ్, ఆ బేరింగు నా సర్టిఫికెట్ చూసే చప్పుడు చేస్తోందా?’ నా దగ్గర జవాబు లేదు. ఆ నిబంధన తెలివితక్కువదని నేను ఆనాడూ అనుకున్నాను, ఈనాడూ అనుకుంటున్నాను. కానీ మీరు పనిచేయబోయేది ఆ నిబంధనలు ఉన్న లోకంలోనే.

చదువు పూర్తి చేసుకుందామని అతను కళాశాలకు వెళ్లి అడిగాడు. చేరిన నాటినుంచి ఎనిమిది విద్యా సంవత్సరాల లోపు పూర్తి చేయకపోతే సీటు పోతుందన్నది జేఎన్‌టీయూ నియమం. అతనికి ఆ గడువు దాటి చాలా కాలమైంది. ఇంజనీరింగ్‌ను దూరవిద్యలో చదవడానికి లేదు. చివరికి దూరవిద్యలో బి.కాం. కట్టి పాసయ్యాడు. డిగ్రీ చేతికి వచ్చింది కానీ మెయింటెనెన్స్ విభాగంలో దానికి విలువ లేకపోయింది.

రెండో మనిషి వేరే రకం. మద్దిలపాలెం వైపు ఒక డిగ్రీ కళాశాలలో బి.యస్సీ. మొదటి ఏడాది చదువుతూ, ప్రయోగశాల తాళం ఏడాదికి నాలుగుసార్లు కూడా తీయడం లేదని, ఇంటి దగ్గర తెలిసినవాళ్ల సలహా మీద మానేశాడు. అయితే మానేసి జీతంలోకి వెళ్లలేదు. కంచరపాలెంలో ఐటీఐలో వెల్డర్ ట్రేడులో చేరాడు. అది ఒక ఏడాది కోర్సు. తరువాత అప్రెంటిస్‌గా ఏడాది చేశాడు. స్టైపెండు బస్సు ఖర్చులకు సరిపోయేది. మా దగ్గరికి వచ్చేసరికి 6జి పరీక్ష ఇవ్వగలిగే స్థితిలో ఉన్నాడు. 6జి అంటే పైపును 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించి, మనిషే దాని చుట్టూ తిరుగుతూ అతుకు పూర్తి చేయడం. కింద, పక్కన, పైన, అన్ని భంగిమలూ ఒకే అతుకులో వస్తాయి. ఎక్స్‌రే తీస్తే అతుకులో అనుమతించిన మేరకు మించి గాలిబుడగలు కనపడకూడదు. అతని ఫిల్ము చూసి మా ఇన్‌స్పెక్టరు ఏమీ మాట్లాడకుండా సంతకం పెట్టాడు. కొన్నేళ్లకు షట్‌డౌన్ పనుల్లో, అంటే మరమ్మతుల కోసం ప్లాంటు ఆపినప్పుడు చేసే పనుల్లో, అతని రోజు కూలీ మా జూనియర్ ఇంజనీర్ల జీతాన్ని దాటింది.

ఇద్దరూ చదువు మధ్యలో వదిలినవారే. మొదటివాడు జీతం కోసం వెళ్లాడు, నైపుణ్యం దానంతట అది వచ్చినా దానికి కాగితం లేకపోయింది. రెండోవాడు ఒక కాగితాన్ని వదిలి, చేతి పనికి తగిన మరో కాగితం వైపు వెళ్లాడు. మీ ముందున్న ఆఫర్‌లో నైపుణ్యమూ తక్కువే, కాగితమూ లేదు. నా అభ్యంతరమంతా అక్కడే ఉంది.

మెకానికల్ వారికి ఉద్యోగాలు లేవన్న మాట హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ జీతాలతో పోల్చి అనేది. మీరు విశాఖపట్నంలో ఉన్నారు. మీ ఇంటి చుట్టూ పాతిక ముప్పై కిలోమీటర్ల లోపల ఉక్కు కర్మాగారం, హెచ్‌పీసీఎల్ రిఫైనరీ, గాంధీగ్రాంలో హిందుస్థాన్ షిప్‌యార్డు, నేవల్ డాక్‌యార్డు, పోర్టు, పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్, దువ్వాడ సెజ్ ఉన్నాయి. పంపులు, కంప్రెసర్లు, బాయిలర్లు, క్రేన్లు లేని పరిశ్రమ వీటిలో ఒక్కటీ లేదు. మొదటి జీతం తక్కువే ఉంటుంది, మీ కాల్‌సెంటర్ జీతానికి సమానంగానో ఒక్కోసారి తక్కువగానో మొదలవుతుంది. అందుకే కుర్రాళ్లు మోసపోతారు. ఐదో ఏట రెండు జీతాలనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు తక్కువ. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖలో పెద్ద డేటా సెంటర్ సముదాయం ప్రకటించినప్పటినుంచి మా వీధిలో ప్రతి ఇంటా అదే మాట. అక్కడా భవనం నిలిచాక రోజూ కావలసింది చిల్లర్లనే చల్లబరిచే యంత్రాలు, డీజిల్ జనరేటర్లు, కరెంటు సరఫరా నడిపేవాళ్లే. ఆ వార్త విని కంప్యూటర్ కోర్సుకు డబ్బు కట్టేవారు ఉన్నారు, థర్మోడైనమిక్స్ సప్లిమెంటరీకి కట్టినవారు నాకు ఇంకా కనిపించలేదు.

ప్రభుత్వోద్యోగాల ఆశ మీకు ఉందో లేదో రాయలేదు. ఉంటే ఒక్క మాట. కేంద్రంలో గుమాస్తా స్థాయి ఉద్యోగాలకు ఇంటర్ అర్హతతో సీహెచ్‌ఎస్‌ఎల్ పరీక్ష రాయవచ్చు కానీ అంతకు పైస్థాయి సీజీఎల్‌కు, బ్యాంకు ఆఫీసరు పరీక్షలకు, గ్రూప్స్‌కు డిగ్రీ కావాలి. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలకు లక్షకు పైగా పోస్టులు ఒకేసారి పడ్డప్పుడు, డిగ్రీ మధ్యలో ఆపిన ఎందరో సెలవు పెట్టుకుని వచ్చి నన్ను అడిగారు, ఏదైనా సర్టిఫికెట్ ఇప్పించగలరా అని. నేను ఏమి ఇప్పించగలను?

ఇప్పుడు, ఆ కాగితం మీద లెక్క నిజంగానే పెద్దదిగా వచ్చి, మీరు సంపాదించక తప్పదని తేలితే ఎలా వెళ్లాలో చెబుతాను, ఎందుకంటే వెళ్లే పద్ధతి మీదే తిరిగి రావడం ఆధారపడి ఉంటుంది. చాలామంది చేసే తప్పు ఏమిటంటే, ఏమీ చెప్పకుండా కళాశాలకు వెళ్లడం మానేయడం. అలా చేస్తే రికార్డులో మీరు హాజరు చాలక డిటెయిన్ అయిన విద్యార్థి అవుతారు. అలా కాకుండా, కుటుంబ కారణాల వల్ల ఒక విద్యా సంవత్సరం ఆగుతున్నానని, తిరిగి చేరతానని ప్రిన్సిపాల్ పేరిట దరఖాస్తు ఇచ్చి, దాని నకలు మీద అందినట్టుగా ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోండి. తిరిగి చేరేటప్పుడు ఆనాటి బ్యాచ్ రెగ్యులేషన్, అంటే ఆ బ్యాచ్‌కు విశ్వవిద్యాలయం పెట్టిన నియమావళి, మీకు వర్తిస్తుంది, ఒకటి రెండు సబ్జెక్టులు అదనంగా రాయవలసి రావచ్చు. ఆ విరామ సంవత్సరం తరువాత ఫీజు రీయింబర్స్‌మెంటు కొనసాగుతుందా అన్నది కళాశాల స్కాలర్‌షిప్ విభాగంలోనూ మీ వార్డు సచివాలయంలోనూ రెండు చోట్లా అడగండి. ఒక చోట చెప్పింది మరో చోట కాదనడం మనకు తెలిసిందే. ఎనిమిదేళ్ల గడువులో మీకు రెండు గడిచాయి. ఒక ఏడాది ఆగితే నష్టం లేదు, మూడు ఆగితే ఊపిరాడదు. ఎప్పుడు తిరిగి చేరతారో తేదీతో సహా ఇంట్లో క్యాలెండరు మీద రాసి పెట్టండి.

ఇంకో దారి ఉందని మీ సీనియర్లు చెప్పి ఉంటారు: 2023 నుంచి వచ్చిన రెగ్యులేషన్లలో రెండేళ్ల తరువాత బయటికి వెళ్లేవారికి డిప్లొమా ఇచ్చే ఏర్పాటు. అది నిజమే. అయితే అప్పటివరకు ఉన్న క్రెడిట్లన్నీ పూర్తయి ఉండాలి, పైన బ్రిడ్జి కోర్సు అనే చిన్న అదనపు కోర్సు చేయాలి. నాలుగు సబ్జెక్టులు చేతిలో పెట్టుకుని వెళ్లేవారికి అది దక్కదు. దక్కినా, పాలిటెక్నిక్‌లో మూడేళ్లు చదివిన డిప్లొమాతో సమానంగా కర్మాగారాలు చూస్తాయని ఆశ పెట్టుకోకండి. సప్లిమెంటరీ రాయడానికి ఇది ఇంకొక కారణం, అంతే.

ఒరిజినల్ సర్టిఫికెట్ల గురించి తప్పక చెప్పాలి. మానేస్తామంటే మిగిలిన రెండేళ్ల ఫీజు కడితేనే టెన్త్, ఇంటర్ మెమోలూ టీసీ ఇస్తామనే కళాశాలలు ఉన్నాయి. ఒరిజినల్స్‌ను పట్టి ఉంచుకోకూడదని విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. మౌఖికంగా వాదించవద్దు, దరఖాస్తు రాసి ఇవ్వండి, జవాబు కూడా రాతపూర్వకంగా అడగండి. ఆ మాట అడిగేసరికే చాలాచోట్ల స్వరం మారుతుంది. ఈలోగా డిజిలాకర్‌లో మీ మెమోలు ఉన్నాయో లేదో చూసుకోండి. అదే విధంగా, ఉద్యోగమిచ్చే సంస్థ మీ ఒరిజినల్స్ తన దగ్గర పెట్టుకుంటానన్నా, శిక్షణ కోసం డిపాజిట్ కట్టమన్నా అక్కడినుంచి లేచి రండి. నేను 26 ఏళ్లలో ఎవరి ఒరిజినల్‌నూ ఒక రాత్రి కూడా నా బీరువాలో ఉంచలేదు.

పూర్తిగా మెకానికల్ వదిలేయాలనే నిర్ణయానికే వస్తే, జీతంలోకి కాక నేర్చుకునే చోటికి వెళ్లండి. ఐటీఐలో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ ట్రేడులు రెండేళ్లు. ఆ తరువాత నేవల్ డాక్‌యార్డు అప్రెంటిస్ స్కూలు వంటి చోట్లకు దరఖాస్తు చేసుకోవచ్చు. అచ్యుతాపురం దగ్గర పూడిలో ఉన్న ఎంఎస్‌ఎంఈ టెక్నాలజీ సెంటర్‌లో కొద్ది నెలల సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే యంత్రాల) కోర్సుల వివరాలు ఒకసారి వెళ్లి కనుక్కోండి. అప్రెంటిస్‌షిప్ ముగిసిన తరువాత అదే సంస్థ ఉద్యోగం ఇచ్చి తీరుతుందని మాత్రం అనుకోకండి, అక్కడ పొందేది పనీ సర్టిఫికెట్టూ మాత్రమే. మామూలు డిగ్రీ చాలనుకుంటే, 1972 నుంచి నడుస్తున్న ఆంధ్ర విశ్వవిద్యాలయ దూరవిద్యా కేంద్రం మీ బస్సు దూరంలోనే ఉంది, ఉద్యోగం చేస్తూ చదవవచ్చు. కాల్‌సెంటర్‌లో చేరడమంటూ జరిగితే ఇది వెంటనే కట్టండి, వచ్చే ఏడాది చూద్దామనుకోవద్దు.

చివరిగా మీరు ఉత్తరం అడుగున ఒక వాక్యం రాశారు: ‘బ్యాక్‌లాగుల సంగతి నాన్నకు తెలియదు, ఉద్యోగం వచ్చిందని మాత్రం చెప్పాలనుకుంటున్నాను.’ దీనివల్ల నాకు ఒక అనుమానం కలిగింది. తప్పిన పరీక్షల గురించి చెప్పకుండా తప్పించుకోవడానికి ఈ ఉద్యోగం మీకు అక్కరకు వస్తోందేమో ఆలోచించుకోండి. కాంట్రాక్టు పనిలో ఇన్నేళ్లు గేటు బయట పాసు కోసం నిలబడిన మనిషికి, పర్మనెంటు ఉద్యోగి లోపలికి నడిచి వెళ్లడం రోజూ చూసిన మనిషికి, కాగితం విలువ మీకంటే నాకంటే బాగా తెలుసు. నాలుగు సబ్జెక్టులు పోయాయని విని ఒక పూట అన్నం మానేస్తారేమో. రెండేళ్ల తరువాత, డబ్బు కోసం మానేశాననుకున్నవాడు నిజానికి పరీక్షలకు భయపడి మానేశాడని వేరేవాళ్ల నోట వింటే ఎక్కువ బాధపడతారు. ముందు పరీక్షల మాట చెప్పండి, తరువాత ఉద్యోగం మాట, ఆ తరువాత అమ్మగారితో కలిసి రాసిన లెక్క ఆయన ముందు పెట్టండి. ఆ వరుస మార్చవద్దు.

కాల్‌సెంటర్ వారికి ఇంకా జవాబు ఇవ్వకపోతే పది రోజుల గడువు అడగండి. మర్యాదగా అడిగితే ఇస్తారు, ఇవ్వకపోయినా ఆ పని మళ్లీ దొరకనిదేమీ కాదు. సప్లిమెంటరీ ఫీజుకు చివరి తేదీ ఒకటో తారీఖు కంటే ముందే పడవచ్చు. రేపు ఉదయం కళాశాల నోటీసు బోర్డు దగ్గరికి వెళ్లి అది చూడండి, ఫీజు కట్టాక మిగిలిన ప్రశ్నలు రాయండి.